పెత్తనం వేరు, పెద్దరికం వేరు

మా టైగర్ నన్ను కరిచిన రోజున మొరగలేదు, గుర్రుమనలేదు, పళ్లు చూపించలేదు. భోజనాల బల్ల కింద పడ్డ కోడి ఎముక దాని గొంతులో అడ్డం పడుతుందేమోనని వంగి తీయబోయాను. నా చెయ్యి ఇంకా జానెడు దూరంలో ఉండగానే మణికట్టు మీద రెండు కోరలు దిగాయి. మరుక్షణం అదే వదిలేసి, గోడవారకి పోయి, చెవులు వెనక్కి వాల్చుకుని వణుకుతూ కూచుంది.

కుళాయి కింద చెయ్యి పెట్టి, సబ్బుతో పావుగంట కడిగి, ఆసుపత్రికి పరిగెత్తాను. ‘ఏ సూచనా లేకుండా కరిచేసిందండీ’ అని డాక్టరుగారికి చెప్పాను. ఇంటికొచ్చి అదే మాట అమ్మ దగ్గర అంటే ఆవిడ ఒప్పుకోలేదు.

‘‘సూచన లేకపోవడమేంట్రా? నెల్లాళ్ల నుంచీ అది చెబుతూనే ఉంది. నువ్వే కొట్టి కొట్టి దాని నోరు మూయించావు.’’

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే టైగర్ గొంతులో సన్నగా గుర్రుమనేది. మొదటిసారి పేపరు చుట్టి మూతి మీద ఒకటిచ్చాను. రెండోసారి తింటున్న గిన్నె లాగేసుకున్నాను. మూడోసారి, మేం పెట్టుకున్న ట్రైనరు చూపించినట్టే మెడ దొరకబుచ్చుకుని వెల్లకిలా పడేసి, కాళ్లు కొట్టుకోవడం మానేదాకా నేలకి అదిమి పట్టాను. ‘‘ఇంట్లో లీడరు మీరేనని దానికి తెలియాలి సార్, లేకపోతే నెత్తినెక్కుతుంది’’ అన్నాడతను. నాలుగోసారి టైగర్ గుర్రుమనలేదు. దారికొచ్చిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నిజానికి దాని లోపలి భయం ఎక్కడికీ పోలేదు. భయంగా ఉందని చెబితే దెబ్బ పడుతుందని తెలుసుకుని, చెప్పడం ఒక్కటే మానుకుంది.

మణికట్టు మీద ఆ రెండు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. వాటివల్లే కుక్కల గురించి చదవడం, చూడడం మొదలుపెట్టాను. ‘లీడరు’ అనే మాటని మనం ఎంత తప్పుగా అర్థం చేసుకున్నామో అప్పుడు తెలిసొచ్చింది.

బాసెల్ బోను నుంచి మన హాల్లోకి

కుక్కకి యజమాని ‘ఆల్ఫా’లా ఉండాలనే మాటకి మూలం కుక్కల్లో లేదు, తోడేళ్లలో ఉంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే స్విస్ శాస్త్రవేత్త బాసెల్ జంతుప్రదర్శనశాలలోని తోడేళ్లను గమనించి ఒక పరిశోధన ప్రచురించాడు. ఇరుకు ఆవరణలో తోడేళ్లు కొట్టుకోవడం, ఒకటి పైచెయ్యి సాధించడం, మిగిలినవి తోక ముడవడం అందులో వివరంగా రాశాడు. ఆయన చూసింది ఆయన రాశాడు. చిక్కల్లా అది బోను కావడమే. గొడవొస్తే తప్పుకుపోవడానికి అక్కడ చోటు లేదు.

1970లో అమెరికాకు చెందిన డేవిడ్ మెక్ తోడేళ్ల మీద రాసిన పుస్తకం ఆ ‘ఆల్ఫా’ మాటను ఊరూరా తిప్పింది. అదే మెక్ 1986 నుంచి 1998 దాకా కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఎల్స్‌మియర్ ద్వీపంలో వేసవి వేసవికీ అడవి తోడేళ్ల గుంపు దగ్గర గడిపాడు. అక్కడ కనబడింది వేరు. గుంపంటే ఒక తల్లి, ఒక తండ్రి, వాటి పిల్లలు. కుర్చీ కోసం కొట్లాటలు లేవు. ‘ఆల్ఫా’ అని మనం పిలుచుకున్నవి ఆ ఇంటి అమ్మానాన్నలు. 1999లో ఈ సంగతి రాసి, తోడేళ్ల కుటుంబానికి ఆ మాట వాడొద్దన్నాడు. తన పాత పుస్తకం ఇక అచ్చు వేయొద్దని ప్రచురణకర్తలను ఏళ్ల తరబడి బతిమాలాడు. తన పేరు నిలబెట్టిన మాటను తానే వెనక్కి తీసుకోవడానికి ఎంత నిజాయతీ కావాలి! ఆయన మీద నాకున్న గౌరవానికి అదే కారణం.

కానీ వదిలిన మాట అప్పటికే చాలా దూరం వెళ్లిపోయింది. న్యూయార్క్ రాష్ట్రంలో జర్మన్ షెపర్డ్‌లను పెంచే న్యూ స్కీట్ మఠంలోని సన్యాసులు 1978లో తెచ్చిన పుస్తకంలో కుక్కను వెల్లకిలా పడేసి లొంగదీసే పద్ధతి చెప్పారు. తర్వాతి కాలంలో వాళ్లే అది వద్దన్నారు. 2004లో మొదలైన, సీజర్ మిలాన్ అనే కుక్కల ట్రైనర్ టీవీ కార్యక్రమంతో ఆ లొంగదీసే ధోరణి మన హాళ్లలోకీ వచ్చింది. 2008లో అమెరికాలోని పశువైద్య ప్రవర్తనా నిపుణుల సంఘం, ఆధిపత్యం పేరుతో కుక్కల్ని బెదిరించి దారికి తేవాలనుకోవడం తప్పని ప్రకటించాల్సి వచ్చింది.

2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు, ప్రవర్తన బాగోలేదని తమ దగ్గరికి తెచ్చిన కుక్కల యజమానులను ఒక ప్రశ్న అడిగారు: మీరేం చేశారు, అది ఏం చేసింది? కొట్టిన, తన్నిన కుక్కల్లో 43 శాతం ఎదురు తిరిగాయి. వెల్లకిలా పడేసి అదిమినవాటిలో 31 శాతం. అవి ముందే ఏదో ఇబ్బందితో వచ్చిన కుక్కలే కాబట్టి అన్నిటికీ అదే లెక్క కట్టలేం. కానీ ఆ 31 శాతంలో మా టైగర్‌లాంటివి ఎన్నో ఉంటాయని మాత్రం నాకు తెలుసు.

మనింటి కుక్క తోడేలు కూడా కాదు. ఆ దారి వదిలి కనీసం పదిహేను వేల ఏళ్లయింది. అప్పటినుంచీ అది మనిషి గుమ్మం ముందే బతుకుతోంది. మన వీధికుక్కల మీద చక్కటి పరిశోధనలు చేస్తున్న కోల్‌కతా ఐఐఎస్ఈఆర్‌లోని అనిందిత భద్ర బృందం 2017లో ఒక ముచ్చటైన సంగతి బయటపెట్టింది. ముక్కూ మొహం తెలియని మనిషిని వీధికుక్క నమ్మడానికి, పదే పదే తిండి పెట్టడం కంటే తల నిమరడం ఎక్కువ పనిచేసిందట. రాళ్లూ కర్రలూ తింటూ పెరిగే ప్రాణి, ఒక్క మంచి చేతి కోసం అంతగా ఎదురుచూస్తోంది.

అమ్మ దగ్గర ఉన్నది

తెనాలి దగ్గర మా ఊళ్లో ‘నల్లోడు’ అని ఒక కుక్క ఉండేది. దానికి గొలుసు లేదు, ట్రైనింగూ లేదు. మధ్యాహ్నం మగవాళ్ల భోజనాలయ్యాక దొడ్లో బాదం చెట్టు కింద రాతి తొట్టిలో అమ్మ పెరుగన్నం పెట్టేది. గిన్నె చేతిలో ఉండగా నల్లోడు మీదికెగిరితే అమ్మ ఏమీ అనేది కాదు, అలా నిలబడిపోయేది. నాలుగు కాళ్లూ నేలకి ఆనాక వంగి అన్నం పెట్టేది. మళ్లీ ఎగిరితే మళ్లీ నిలబడిపోయేది. పెట్టాక వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేది. మా పిల్లల్ని మాత్రం గట్టిగా కసిరేది: ‘‘తింటున్న కుక్క జోలికి పోతే మీ వీపు పగులుతుంది.’’ ఆవిడ గొంతు పెంచింది మా మీదే. కుక్క మీద పెంచగా నేను వినలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే, పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసిందంతా ఆ దొడ్లో ఉంది. వేళకి తిండి. రోజూ ఒకే రకమైన నడవడిక. మంచిగా ఉంటే కోరుకున్నది దొరకడం, ఎగబడితే దొరక్కపోవడం. తినేటప్పుడు తన తిండికి ముప్పు రాదన్న భరోసా. దీన్ని మన భాషలో పెద్దరికం అంటాం. ఇంటిపెద్ద అంటే అందరికంటే ముందు తినేవాడనో, గుమ్మం ముందుగా దాటేవాడనో ఎవరూ అనుకోం. ఆయన ఉంటే ఏం జరుగుతుందో మనకి ముందే తెలుస్తుంది, భయం ఉండదు. అరిచి, గుంజుకుని, బెదిరించి సాగించుకునేది పెత్తనం. నేను టైగర్ మీద చేసింది అదే.

పోలీసు జాగిలాల సంగతే చూడండి. మొయినాబాద్‌లాంటి శిక్షణ కేంద్రాల్లో జాగిలంతో పాటు దాని హ్యాండ్లర్‌కీ శిక్షణ ఇస్తారు. ఇద్దరూ కలిసి నేర్చుకుని, కలిసే డ్యూటీకి వెళ్తారు. మనం మాత్రం కుక్కని ట్రైనర్‌కి అప్పజెప్పి, నెల తర్వాత బాగుచేసిన మిక్సీని తెచ్చుకున్నట్టు తెచ్చుకోవాలనుకుంటాం. అది ఆ ట్రైనర్ దగ్గర బుద్ధిగానే ఉంటుంది. మన ఇంట్లో మనం ఎలా ఉంటామో అలాగే ఉంటుంది.

ఊళ్లో నల్లోడికి ఇంకో అదృష్టమూ ఉంది. రోజంతా దాని ఇష్టం. పొలం గట్లు, పశువుల పాక, కళ్లం కాపలా, చెరువులో మునకలు. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పుట్టెడు హుషారున్న కుక్కని పది గంటలు తాళం వేసి వెళ్లి, సాయంత్రం సోఫా చింపిందని కొడతాం. హస్కీ జాతి సైబీరియా మంచులో బండ్లు లాగడానికి తయారైంది. బీగిల్‌ని ముక్కుతో వాసన పట్టి వేటాడటానికి పెంచారు. జర్మన్ షెపర్డ్ గొర్రెల మంద కాసే కుక్క. హస్కీ పట్టీ లాగుతోందని, బీగిల్ చెత్తబుట్ట కెలుకుతోందని, షెపర్డ్ పిల్లల వెంటపడి మడమలు పట్టుకుంటోందని ఫిర్యాదు చేసేవాళ్లు నాకు వారానికొకరు తగులుతారు. ముచ్చటపడి తెచ్చుకునే ముందు దాని తాతముత్తాతలు ఏ పనికి పుట్టారో ఒక్కసారి కనుక్కుంటే సగం కష్టాలు రావు.

మొరిగే కుక్క కరవదా?

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెతని నమ్మి చెయ్యి చాచకండి. భయంతో మొరిగే కుక్క, దారి మూసుకుపోతే కరుస్తుంది. తోక ఊపితే స్నేహమే అనుకోవడం కూడా అంతే పొరపాటు. తోక నిటారుగా నిక్కి, కొస మాత్రం బిగుసుకుని టకటకా ఆడుతుంటే అది ఉద్రేకం. నడుముతో సహా ఒళ్లంతా మెలికలు తిరుగుతూ ఊగితే అది సంతోషం.

కుక్క సాధారణంగా ఎకాఎకి కరవదు. ముందు మొహం పక్కకి తిప్పుకుంటుంది. ఎదురుగా తిండేమీ లేకపోయినా నాలుకతో ముక్కు నాకుతుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. కంటి పక్క తెల్లగుడ్డు చంద్రవంకలా కనబడుతుంది. ఇవేవీ మనం పట్టించుకోకపోతే ఒళ్లు బిగుస్తుంది, ఊపిరి బిగబట్టినట్టు నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత గుర్రు. ఆ తర్వాత పళ్లు. గాలిలో ఒక కాటు. చివరికి చర్మం మీద కాటు. ఇన్ని మెట్లున్నాయి. గుర్రుమన్నందుకు కొట్టడమంటే మధ్యలో మెట్టు పీకేయడం. నేను చేసింది సరిగ్గా ఇదే.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ మెట్ల సంగతి పెద్దవాళ్లు కంఠతా పట్టాలి. కుక్క మెడ చుట్టూ చేతులేసి పాప నవ్వుతున్న ఫొటోలు అందరం లైక్ చేస్తాం. ఈసారి పాపని వదిలి కుక్క మొహం చూడండి. చాలా ఫొటోల్లో అది మొహం పక్కకి తిప్పుకుని, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తూ ఉంటుంది. కౌగిలింత మనకి ప్రేమ. కుక్కకి అది కదలనివ్వని పట్టు. చిన్నపిల్లల్నీ కుక్కనీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, అది ఎంత మంచి కుక్కయినా సరే.

‘తప్పు చేసినట్టు మొహం పెట్టింది చూడు’ అని మనం అనే మాటకీ ఒక పరీక్ష జరిగింది. న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 కుక్కలతో చేసిన ప్రయోగం 2009లో అచ్చయింది. తినొద్దన్న బిస్కెట్టు దగ్గర కుక్కని వదిలి యజమాని బయటికి వెళ్లాలి. కొన్నిసార్లు కుక్క తినకపోయినా తినేసిందని చెప్పారు, కొన్నిసార్లు తిన్నా తినలేదన్నారు. తేలిందేమిటంటే, ఆ ‘తప్పు చేసిన మొహానికీ’ బిస్కెట్టు తినడానికీ సంబంధమే లేదు. యజమాని తిడితే ఆ మొహం వస్తుంది. తిట్లకి అది ముడుచుకుపోతోందంతే. సాయంత్రం ఇంటికొచ్చి, పొద్దున చింపిన చెప్పు చూపించి కొడితే కుక్కకి అర్థమయ్యేది ఒక్కటే: మనిషి గుమ్మంలో అడుగుపెడితే ఒక్కోసారి దెబ్బలు పడతాయి.

ఇక్కడ మహాభారతం గుర్తొస్తుంది. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో, కథ ఇంకా మొదట్లో ఉండగానే, ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి వెళ్లిన సారమేయుణ్ణి రాజు తమ్ముళ్లు కొడతారు. అది ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పోతుంది. ఆ తల్లికుక్క నేరుగా రాజు ముందుకొచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డని ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. అకారణంగా చేసినదానికి అనుకోని ఆపద వస్తుందని చెప్పి వెళ్లిపోతుంది. చక్రవర్తి దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు చదివినప్పుడు దాన్ని దాటేసి ముందుకెళ్లాను. మణికట్టుకి కట్టు కట్టుకుని మళ్లీ చదివితే ముందుకు వెళ్లలేకపోయాను.

ఎనిమిది అడుగుల దూరం నుంచి

టైగర్ గిన్నె దగ్గర మేం చేసింది కాస్త వివరంగా చెబుతాను. చాలా ఇళ్లలో ఉన్న సమస్య ఇదే, చాలామంది తిరగేసి చేసేదీ ఇదే. ‘‘పెట్టే చెయ్యీ లాక్కునే చెయ్యీ ఒకటే అయితే అది దేన్ని నమ్ముతుందిరా?’’ అని అమ్మ అడిగిన మాట దగ్గర మొదలుపెట్టాం. టైగర్‌కి భరోసా కావాలి: నా గిన్నె దగ్గరికి మనిషి వస్తే నా తిండి పోదు, ఇంకా మంచిది వస్తుంది.

మొదటి రోజు అది తింటుంటే దూరంగా నిలబడి చూశాను. ఎనిమిది అడుగుల దగ్గర దాని భుజాలు వదులుగా ఉన్నాయి. ఆరు అడుగులకి వెళ్తే తినే వేగం పెరిగింది, తల గిన్నెలోంచి లేవలేదు, కన్ను మాత్రం ఓరగా నా వైపు తిరిగింది. సరే, ఎనిమిది. అక్కడినుంచి ఎముక లేకుండా ఉడికించిన కోడి ముక్క ఒకటి గిన్నె పక్కన పడేలా విసిరి, ఆగకుండా నడిచి వెళ్లిపోయాను. పూటకి మూడు సార్లు, అంతే. వారం తిరిగేసరికి నేను హాల్లోకి వస్తే టైగర్ తల ఎత్తి, నోరు వదులు చేసి, చెయ్యి వైపు చూడడం మొదలుపెట్టింది. అప్పుడు ఏడడుగులు. అలా తగ్గించుకుంటూ వెళ్లాం. రెండున్నర నెలలు పట్టింది.

మధ్యలో ఒక రోజు తొందరపడి ఒకేసారి మూడడుగులు ముందుకెళ్లాను. టైగర్ గుర్రుమంది. ఎన్నాళ్ల తర్వాతో విన్నాను ఆ చప్పుడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నేను మూయించిన నోరు మళ్లీ తెరుచుకుంది, ఇప్పుడు చెబితే దెబ్బ పడదని దానికి నమ్మకం కుదిరింది. ‘సరేలే తల్లీ’ అని వెనక్కి జరిగాను.

నోట్లో పట్టుకున్నది లాక్కోవడం కూడా మానేశాం. చెప్పు పట్టుకుంటే అంతకంటే ఇష్టమైనది చూపించి ‘వదులు’ అంటాం. వదిలితే అది పెడతాం, వీలైతే మొదటిదీ తిరిగిచ్చేస్తాం. వదిలితే నష్టం లేదని తెలిసిన కుక్క వదులుతుంది. ఇప్పటికే కరిచిన చరిత్ర ఉంటే, ఇంట్లో పసిపిల్లలుంటే ఇదంతా సొంతంగా ప్రయత్నించొద్దు. ప్రవర్తన తెలిసిన పశువైద్యుల సాయం తీసుకోండి.

పట్టీ, బెల్లు, ఎగురుడు

మిగిలిన సమస్యల్లో చాలావాటికి వేరు ఒకటే: కుక్క చేసే పని దానికి ఫలిస్తోంది. పట్టీ లాగితే స్తంభం దగ్గరికి చేరుతోంది, కాబట్టి లాగుతోంది. లాగిన ప్రతిసారీ మీరు చెట్టులా నిలబడిపోండి. పట్టీ వదులైన క్షణం నడవండి. మొదటి మూడు రోజులు సందు చివరకి కూడా వెళ్లలేరు, కొందరు నిలబడి చూస్తారు కూడా. చూడనివ్వండి. గొంతు బిగించే చోక్ చైన్ తీసేసి, ఛాతీ చుట్టూ వచ్చే బెల్టు కొనండి. వాసన చూసుకోవడానికి దానికి టైమివ్వండి. ముక్కుతో వెతుక్కోవడం దాని మనసుని నెమ్మదింపజేస్తుంది. ఎండాకాలం తారురోడ్డు మీద అరచేయి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు.

బెల్లు మోగగానే మొరగడం సంగతి కుక్క వైపునుంచి చూడండి. డెలివరీ అబ్బాయి వచ్చాడు, మొరిగింది, అతను వెళ్లిపోయాడు. రోజుకి నాలుగుసార్లు అది గెలుస్తోంది. గెలిచే ఆట ఎవరు మానతారు? మనం ‘ఏయ్, నోర్ముయ్’ అని అరిస్తే మనమూ తోడు మొరుగుతున్నామనుకుంటుంది. బెల్లు చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, చాలా చిన్నగా వినిపిస్తూ, వినబడగానే తన చాప మీద కూచుంటే తిండి దొరుకుతుందని నేర్పించాలి. చప్పుడు మెల్లమెల్లగా పెంచాలి. మొదట్లో మొరుగుడు తగ్గే బదులు పెరగొచ్చు. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించడం ఏ ప్రాణికైనా ఉంటుంది. చాలామంది సరిగ్గా అక్కడే ఓడిపోతారు.

మనుషుల మీదికి ఎగరడం గురించి మా ఇంట్లో జరిగిందే చెబుతాను. అది ఎగిరితే నేను పట్టించుకోను. మా ఆవిడ ‘సిట్’ అంటుంది. వాచ్‌మన్ ‘బైఠో’ అంటాడు. మా అబ్బాయి చేతులు చాచి ఆహ్వానిస్తాడు. పది సార్లలో ఒక్కసారి ఫలించినా ఆ అలవాటు చావదు, పైగా గట్టిపడుతుంది. ఎప్పుడోసారి తగులుతుందన్న ఆశే లాటరీ టికెట్లు అమ్ముతుంది. భోజనాల దగ్గర చాటుగా ముక్క వేసే తాతయ్యలున్న ఇళ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. చివరికి ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం: మాట ఒకటే, ‘కూచో’. మెచ్చుకోలు వెంటనే, ఒకటి రెండు సెకన్లలోపు. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నామో దానికి తెలియదు. నెల రోజుల్లో టైగర్ మారింది. మారడానికి అందరికంటే ఎక్కువ టైము తీసుకుంది మా అబ్బాయి.

ఇంట్లో మూత్రం పోస్తే దాని ముక్కు అందులో రుద్దే పాత పద్ధతి పూర్తిగా మానేయండి. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకెళ్లి, అక్కడ పోసినప్పుడు మెచ్చుకోండి. చాలు.

ఒంటరిగా ఉండలేక ఏడ్చే కుక్క సంగతి దీనికంటే కష్టం. అది మారాం కాదు, భయం. వాకిలి దగ్గర గోళ్లు అరిగేలా గీరడం, చొంగ మడుగులు కట్టడం, మీరు చెప్పులు వేసుకుంటుండగానే వగర్చడం దాని గుర్తులు. ఒక నిమిషం వెళ్లి రావడం, రెండు నిమిషాలు, ఐదు, అలా దాని భయం మొదలుకాకముందే తిరిగొస్తూ సాగదీయాలి. కొన్నిటికి మందులూ కావాలి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ముందే చేయాల్సింది

అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి చూసి 1965లో రాసిన పుస్తకం, పిల్లకి లోకం పరిచయమయ్యే వయసు ఎంత చిన్నదో చెప్పింది. మూడో వారం నుంచి దాదాపు పన్నెండో వారం దాకా. ఆ కొద్ది వారాల్లో చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు జన్మంతా మామూలుగా అనిపిస్తాయి. చూడనివి భయపెడతాయి. తోబుట్టువులతో కొరుకుళ్లాడుతూ, ఎంత గట్టిగా పట్టుకుంటే అవతలిది కుయ్యిమంటుందో నేర్చుకునేదీ అప్పుడే. అందుకే మన దేశంలో 2017 నాటి నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటాయి. సంతలో నెల పిల్లని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతుంటే జాలితో కొనేస్తాం. కొన్న ప్రతిసారీ ఇంకో తల్లి దగ్గరినుంచి ఇంకో పిల్లని తెప్పిస్తున్నామని నాకు అనిపిస్తుంది.

ఉన్నట్టుండి కుక్క చిరాకు పడుతుంటే శిక్షణ గురించి ఆలోచించే ముందు పశువైద్యుడికి చూపించండి. చెవిలో చీము, పంటినొప్పి, నడుము నొప్పి, పిడుదుల జ్వరం ఉన్న కుక్క ముట్టుకుంటే కసురుతుంది. మా పక్కింట్లో ‘పొగరెక్కింది’ అని తిట్లు తిన్న పన్నెండేళ్ల పామరేనియన్‌కి కీళ్లనొప్పులని తేలాక, ఆ ఇంటావిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

మరో మాట, ఏ కుక్క కరిచినా, ఇంటిదైనా వీధిదైనా, టీకాలు వేయించినదైనా, గాయాన్ని పారే నీళ్లతో సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడగాలి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

మొన్న ఆదివారం మళ్లీ బల్ల కింద కోడి ఎముక పడింది. ఉడికిన ఎముక చీలి పేగులకి గుచ్చుకుంటుంది కాబట్టి అందరం ఒక్కసారిగా కుర్చీల్లోంచి లేచాం. టైగర్ అప్పటికే నోట కరుచుకుంది. లేచిన మా అందరినీ చూసి దాని ఒళ్లు బిగుసుకుంది. ‘‘కూచోండర్రా’’ అంది అమ్మ. కూచున్నాం. ఆవిడ వంటింట్లోకి వెళ్లి, గిన్నెలోంచి మెత్తటి ముక్క ఒకటి తీసుకుని, టైగర్‌కి నాలుగడుగుల దూరంలో గోడకి ఆనుకుని నేల మీద కూచుంది. అరచెయ్యి చాచి, దానివైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ ‘‘వదులు’’ అంది మామూలు గొంతుతో.

టైగర్ కాసేపు కదల్లేదు. తర్వాత బల్ల కిందినుంచి బయటికొచ్చి, నా పక్కగా వెళ్తూ ఆగింది. ఎముకని నా పాదం మీద వదిలేసి, అమ్మ దగ్గరికి నడిచింది.